పెద్ద సంఖ్యలను వ్రాసే పద్ధతులు

పెద్ద సంఖ్యలను వ్రాసే పద్ధతులు దేశాన్ని బట్టి, భాషను బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. సంఖ్య ఒక్కటే అయినా, దానిని ఎన్నేసి అంకెల గుంపులుగా విడగొట్టాలి, ఆ గుంపులకు ఏ పేర్లు పెట్టాలి అన్న విషయంలో అందరూ ఒకే దారిన నడవలేదు. తెలుగువారు వాడే లక్ష, కోటి లెక్క భారతీయ పద్ధతికి చెందినది. ఇంగ్లీషు పుస్తకాలలో కనిపించే మిలియను, బిలియను లెక్క పాశ్చాత్య పద్ధతికి చెందినది. చైనా, జపాను, కొరియా దేశాల లెక్క ఈ రెండింటికీ భిన్నం. పైగా పాశ్చాత్య భాషలలో "బిలియను" అన్న మాటకు రెండు విలువలు, మన పాత లెక్కలలో "ఖర్వం" అన్న మాటకు కనీసం నాలుగు విలువలు ఉన్నాయి. అందుచేత పెద్ద సంఖ్య ఎదురైనప్పుడు ముందుగా అది ఏ పద్ధతిలో వ్రాసినదో గుర్తించడం అవసరం. పేరును మాత్రమే నమ్మి అనువదిస్తే పదిరెట్లు, వెయ్యిరెట్లు తేడా వచ్చే ప్రమాదం ఉంది.

ఒకే సంఖ్య, నాలుగు చదువులు

కాంతి ఒక సంవత్సరంలో ప్రయాణించే దూరాన్ని కాంతి సంవత్సరం అంటారు. కిలోమీటర్లలో ఈ దూరం, దశాంశ భాగాన్ని వదిలివేస్తే, 9460730472580. ఇలా వరుసగా వ్రాసిన 13 అంకెలను ఒక్క చూపులో చదవడం ఎవరికైనా కష్టమే. అందుకే గుంపులుగా విడగొట్టే అలవాటు వచ్చింది.

ఈ సంఖ్యను మనం 94,60,73,04,72,580 అని వ్రాసి, 9 లక్షల 46 వేల 73 కోట్ల 4 లక్షల 72 వేల 580 అని చదువుతాము. అమెరికాలో 9,460,730,472,580 అని వ్రాసి, 9 ట్రిలియన్ల 460 బిలియన్ల 730 మిలియన్ల 472 వేల 580 అంటారు. ఫ్రాన్సులో ఇదే సంఖ్య 9 బిలియన్ల 460 మిలియార్డుల 730 మిలియన్ల 472 వేల 580 అవుతుంది. జపానులో నాలుగేసి అంకెల చొప్పున విడగొట్టి 9 చో, 4607 ఓకు, 3047 మాన్, 2580 అని చదువుతారు.

అమెరికావారి 9 ట్రిలియన్లు, ఫ్రెంచివారి 9 బిలియన్లు ఒకటే అన్న విషయాన్ని పాఠకులు గమనించగలరు. అనువాదకులు తడబడే చోట్లలో ఇది ముఖ్యమైనది.

భారతీయ పద్ధతి

ఈ పద్ధతిలో కుడివైపు నుండి మొదటి మూడు అంకెల తర్వాత ఒక కామా, ఆ తర్వాత ప్రతి రెండు అంకెలకు ఒక కామా పెడతారు. వెయ్యి 1,000, లక్ష 1,00,000, కోటి 1,00,00,000. తెలుగు అంకెలతో వ్రాసినా (౧,౦౦,౦౦౦) కామాల స్థానం మారదు. భారతదేశంతో పాటు పాకిస్తాను, బంగ్లాదేశ్, నేపాల్ దేశాలలో కూడా లక్ష, కోటి లెక్క వాడుకలో ఉంది. లక్ష, కోటి సంస్కృత పదాలు. నూరు, వేయి తెలుగు మాటలు. అంటే మన నిత్య వ్యవహారంలో వెయ్యి వరకు తెలుగు, ఆపైన సంస్కృతం నడుస్తున్నాయన్నమాట.

కోటి ఎంత పెద్దదో తెలియాలంటే రామకోటి వ్రాసే వారిని అడగాలి. రోజుకు తప్పకుండా వెయ్యి నామాలు వ్రాసినా కోటి పూర్తి కావడానికి పదివేల రోజులు, అనగా 27 సంవత్సరాలకు పైగా పడుతుంది. కాలంతో కొలిచి చూసినా ఈ సంఖ్యల మధ్య దూరం బాగా బోధపడుతుంది. లక్ష సెకనులు ఒక రోజు దాటి సుమారు 3 గంటల 47 నిమిషాలు. కోటి సెకనులు దాదాపు 116 రోజులు. వంద కోట్ల సెకనులు 31 సంవత్సరాల 8 నెలలకు కొంచెం ఎక్కువ. లక్ష కోట్ల సెకనులు 31 వేల సంవత్సరాలు దాటుతాయి. వార్తలలో "వంద కోట్లు", "లక్ష కోట్లు" అన్న మాటలు పక్కపక్కనే కనిపించినా వాటి మధ్య తేడా ఒక మనిషి యౌవనానికి, మానవ నాగరికత మొత్తానికి ఉన్నంత.

కోటి దాటిన తరువాత నేటి తెలుగులో వేరే పేరు వాడుకలో లేదు. కోటినే ప్రమాణంగా తీసుకొని పది కోట్లు, వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అంటూ పోతాము. 2024 జూలైలో సమర్పించిన 2024-25 కేంద్ర బడ్జెటులో మొత్తం వ్యయం అంచనా 48.21 లక్షల కోట్ల రూపాయలు. అంకెలలో ఇది 48,21,000 కోట్లు. సున్నలన్నీ వ్రాస్తే 48,21,000,00,00,000 అని కాకుండా 4,82,10,00,00,00,000 అని వ్రాయాలి. కోట్ల సంఖ్యకు పక్కన ఏడు సున్నలు అతికించి, పాత కామాలను అలాగే వదిలివేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. కామాలు ఎల్లప్పుడూ కుడి చివరి నుండి కొత్తగా లెక్కించి పెట్టాలి.

హిందీలో మాత్రం కోటి పైన అరబ్ (10⁹), ఖరబ్ (10¹¹), నీల్ (10¹³), పద్మ (10¹⁵), శంఖ్ (10¹⁷) అనే పేర్లు వందరెట్ల చొప్పున పెరుగుతూ ఉన్నాయి. వీటిలో అరబ్ ఒక్కటే వార్తలలో ధారాళంగా వినిపిస్తుంది.

ప్రాచీన గ్రంథాలలో స్థాన నామాలు

పెద్ద సంఖ్యలకు పేర్లు పెట్టడంలో భారతీయులు చూపిన ఆసక్తి అసాధారణమైనది. యజుర్వేదంలోనే ఏక, దశ, శత, సహస్ర, అయుత, నియుత, ప్రయుత, అర్బుద, న్యర్బుద, సముద్ర, మధ్య, అంత, పరార్ధ అనే పదమూడు పేర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి ముందుదానికి పదిరెట్లు. కనుక పరార్ధం 10¹². గ్రీకులకు ఆ కాలంలో పదివేలకు మించిన పేరు లేదు.

అయితే ఈ పేర్ల విలువలు అన్ని గ్రంథాలలో ఒకే తీరుగా లేవు. సా.శ. 499 నాటి ఆర్యభటీయంలో పదో స్థానమైన వృందం (10⁹) వరకు పేర్లు ఉన్నాయి. అందులో కోటి 10⁷, అర్బుదం 10⁸. యజుర్వేదంలో అర్బుదమే 10⁷. భాస్కరాచార్యుడు 1150లో వ్రాసిన లీలావతిలో పద్దెనిమిది స్థానాలు ఉన్నాయి, చివరిది పరార్ధం. కాని ఇక్కడ పరార్ధం 10¹⁷. తొమ్మిదో శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇరవై నాలుగు స్థానాలు చెప్పాడు. శతకోటి తర్వాత అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం, క్షోణి, మహాక్షోణి, శంఖం, మహాశంఖం, క్షితి, మహాక్షితి, క్షోభం, మహాక్షోభం అని సాగే ఈ పట్టికలో అర్బుదం 10¹⁰, చివరిదైన మహాక్షోభం 10²³. తెలుగునాట ప్రచారంలో ఉన్న పట్టిక ఈ బాటలోనిదే. అది మహాక్షోభం దగ్గర ఆగకుండా నిధి, మహానిధి మొదలుకొని మహాభూరి వరకు పోతుంది.

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో వానరసేనను వర్ణించే సందర్భంలో మరొక లెక్క ఉంది. అక్కడ కోటి తర్వాత ప్రతి పేరూ ముందుదానికి లక్షరెట్లు. లక్ష కోట్లు శంకువు, లక్ష శంకువులు మహాశంకువు, ఆపైన వృందం, మహావృందం, పద్మం, మహాపద్మం, ఖర్వం, మహాఖర్వం, సముద్రం, ఓఘం, మహౌఘం. ఈ లెక్కన మహౌఘం 10⁶² అవుతుంది. బౌద్ధ గ్రంథమైన లలితవిస్తరంలో అర్జునుడనే గణకుడు అడుగగా బోధిసత్త్వుడు కోటికి పైన వందరెట్ల చొప్పున పేర్లు చెప్పి, తల్లక్షణం (10⁵³) దాకా పోతాడు. ఆ వరుసలో వంద కోట్లకు పేరు అయుతం. మిగతా అందరికీ అయుతం అంటే పదివేలే. తెలంగాణలో 2015 డిసెంబరులో ఎర్రవల్లి వద్ద జరిగిన అయుత చండీ యాగం పేరులో ఉన్నది ఈ పదివేలు.

పైన చెప్పిన నాలుగు విలువల సంగతి ఇక్కడ తేలికగా అర్థమవుతుంది. ఖర్వం లీలావతిలో 10¹⁰, హిందీ ఖరబ్‌గా 10¹¹, మహావీరాచార్యుని లెక్కలో 10¹², రామాయణంలో 10⁴². కనుక "మనవారికి ట్రిలియనుకు పేరు ఉంది" అని చెప్పేవారు ఏ గ్రంథం ప్రకారమో కూడా చెప్పాలి. యజుర్వేదం ప్రకారం అది పరార్ధం, లీలావతి ప్రకారం మహాపద్మం, గణితసారసంగ్రహం ప్రకారం ఖర్వం, రామాయణం ప్రకారం శంకువు. ఈ పేర్లను నేటి వ్యవహారంలోకి తిరిగి తేవాలన్న కోరిక మంచిదే కాని, ముందుగా ఒక పట్టికను ఎంచుకోకుండా ఆ పని చేస్తే కొత్త చిక్కులే వస్తాయి.

పావులూరి మల్లన, చదరంగపు గళ్ళు

రాజరాజ నరేంద్రుని కాలపువాడని ప్రసిద్ధి పొందిన పావులూరి మల్లన, మహావీరాచార్యుని గ్రంథాన్ని సారసంగ్రహ గణితమనే పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళలోనూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత అన్నది పాత లెక్క. దానికి జవాబు చెప్పే తెలుగు పద్యం ఒకటి మల్లన పేర ప్రసిద్ధంగా ఉంది. జవాబు ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. మాటలలో, 1,84,467 కోటి కోట్ల 44,07,370 కోట్ల 95,51,615.

ఇరవై అంకెలను ఛందస్సులో ఎలా ఇమిడ్చారన్నది ఆసక్తికరమైన విషయం. దీనికి భూతసంఖ్యా పద్ధతి సాధనం. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుని పేర్లన్నీ 1కి గుర్తు. వేదాలు 4, మన్మథుని బాణాలు 5, కులపర్వతాలు 7, శూన్యమైన ఆకాశం 0. ఒక్కొక్క అంకెకు అనేక పర్యాయపదాలు ఉండడం వలన యతిప్రాసలకు తగిన మాటను కవి ఎంచుకోగలడు. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపుకు పేర్చుకోవాలి. ఈ పద్యంలో మొదటి మాటకు అర్థం బాణం, కనుక ఒకట్ల స్థానంలో 5. చివరి మాటకు అర్థం చంద్రుడు, కనుక ఎడమ చివర 1. అంకెలతో వ్రాసిన ప్రతిలో లేఖకుడు ఒక అంకె తప్పు వ్రాస్తే పట్టుకోవడం కష్టం, పద్యంలో మాట తప్పితే ఛందస్సు ఊరుకోదు. తాళపత్రాల కాలంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఆర్యభటుడు అక్షరాలతో సంఖ్యలను కూర్చే వేరొక పద్ధతిని ఏర్పరచాడు. హల్లు అంకెను, అచ్చు స్థానాన్ని తెలుపుతాయి. ఒక మహాయుగంలో సూర్యుని భ్రమణాలు 43,20,000 అనడానికి ఆయన వాడిన మాట "ఖ్యుఘృ". ఖ అంటే 2, య అంటే 30, ఘ అంటే 4. ఉకారం 10⁴ స్థానాన్ని, ఋకారం 10⁶ స్థానాన్ని సూచిస్తాయి. 32 పదివేలు, 4 పదిలక్షలు కలిపితే లెక్క సరిపోతుంది. క్లుప్తతలో దీనిని మించినది లేదు కాని, నోరు తిరగడం కష్టం. అందువల్లనేమో భూతసంఖ్యలకు వచ్చినంత ఆదరణ దీనికి రాలేదు.

ఈ చదరంగపు సంఖ్య 2⁶⁴ నుండి ఒకటి తీసివేయగా వచ్చేది. 64 బిట్ల కంప్యూటరు ఒక గడిలో, ఋణ సంఖ్యలను లెక్కలోకి తీసుకోకుండా, దాచగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే. ద్విసంఖ్యామానంలో వ్రాస్తే వరుసగా అరవై నాలుగు ఒకట్లు, పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో వ్రాస్తే వరుసగా పదహారు "ఎఫ్"లు.

మిలియను, బిలియను

మిలియను అంటే పది లక్షలు. దీనిలో వివాదం లేదు. ఫ్రెంచి గణితవేత్త నికొలా షూకే 1484 నాటి తన వ్రాతప్రతిలో మిలియన్ల మిలియనుకు బిలియను (10¹²), మిలియన్ల బిలియనుకు ట్రిలియను (10¹⁸) అనే పేర్లు ఇచ్చాడు. అంటే అంకెలను ఆరేసి చొప్పున విడగొట్టాడు. తరువాతి కాలంలో ఫ్రాన్సులో మూడేసి అంకెల చొప్పున విడగొట్టడం అలవాటై, వెయ్యి మిలియన్లకే (10⁹) బిలియను అనే పేరు పెట్టే పద్ధతి బయలుదేరింది. మొదటిదానిని దీర్ఘమానం అని, రెండవదానిని హ్రస్వమానం అని అనుకోవచ్చు.

అమెరికా హ్రస్వమానాన్ని తీసుకున్నది. బ్రిటను దీర్ఘమానాన్ని పట్టుకొని ఉన్నది. ఆ తర్వాత జరిగినది కొంత వినోదంగా ఉంటుంది. హ్రస్వమానానికి పుట్టినిల్లయిన ఫ్రాన్సు 1961లో అధికారికంగా దీర్ఘమానానికి మారింది. బ్రిటను ప్రధాని హెరాల్డ్ విల్సన్ 1974లో, ఇక ప్రభుత్వ లెక్కలలో బిలియను అంటే వెయ్యి మిలియన్లే అని ప్రకటించాడు. ఈ విధంగా రెండు దేశాలూ స్థానాలు మార్చుకున్నాయి. కాబట్టి 1974కు ముందు అచ్చయిన బ్రిటిష్ పుస్తకాలలో బిలియను కనబడితే అది వంద కోట్లా, లక్ష కోట్లా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. మన గ్రంథాలయాలలో ఇటువంటి పాత పుస్తకాలు చాలా ఉన్నాయి.

జర్మనీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాలు నేటికీ దీర్ఘమానంలోనే ఉన్నాయి. పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ మాత్రం హ్రస్వమానాన్ని పాటిస్తుంది. రష్యను భాషలో 10⁹కి మిలియార్డు అని, 10¹²కి ట్రిలియను అని అంటారు. అంటే పేరు ఒక పద్ధతిది, లెక్క మరొక పద్ధతిది.

నాలుగేసి అంకెల లెక్క

చైనా భాషలో పదివేలకు వాన్ అని ప్రత్యేకమైన పేరు ఉంది. వాన్ వాన్‌లు ఒక యీ, అనగా పది కోట్లు. జపానులో వీటినే మాన్, ఓకు అని, 10¹²ను చో అని అంటారు. చైనాలో 10¹²ను సాధారణంగా "వాన్ యీ" అనే చెబుతారు. మనం కొత్త పేరు జోలికి పోకుండా "లక్ష కోట్లు" అన్నట్లే ఇది కూడా.

ఈ దేశాలలో ఒక చిక్కు ఉంది. పలకడం నాలుగేసి అంకెల చొప్పున, వ్రాయడం మాత్రం పాశ్చాత్యుల వలె మూడేసి అంకెలకు ఒక కామాతో. కామా ఒక చోట, పేరు మరొక చోట పడడం వల్ల పెద్ద మొత్తాలను చదివేటప్పుడు స్థానాలు మళ్ళీ లెక్కించుకోవలసి వస్తుంది. మన పద్ధతిలో వెయ్యి, లక్ష, కోటి అన్న పేర్లు మారే ప్రతిచోటా కామా ఉంటుంది. ఈ పొందిక మన పద్ధతికి ఉన్న పెద్ద సుగుణం.

గ్రీకులు కూడా పదివేలనే (మిరియడ్) ఆధారంగా పెట్టుకున్నారు. క్రీ.పూ. మూడవ శతాబ్దంలో ఆర్కిమిడీస్, విశ్వమంతటినీ ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయో లెక్క కట్టడానికి పూనుకొని, అందుకు తగిన పేర్లు లేకపోవడంతో పదివేల పదివేలను (10⁸) కొత్త ఒకటిగా తీసుకొని మెట్లు మెట్లుగా సంఖ్యలను నిర్మించాడు. ఆయనకు వచ్చిన జవాబు నేటి వ్రాతలో 10⁶³ లోపు. రామాయణపు మహౌఘానికి ఇది పదిరెట్లు మాత్రమే ఎక్కువ.

కామా, చుక్క, ఖాళీ

మనం దశాంశానికి చుక్క, గుంపులకు కామా వాడుతాము. జర్మనీలో దీనికి సరిగా వ్యతిరేకం. అక్కడ 1.234 అంటే ఒక వెయ్యి రెండు వందల ముప్పై నాలుగు, 1,234 అంటే ఒకటికి పైన కొద్ది భాగం. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో దశాంశానికి చుక్క గాని కామా గాని వాడవచ్చునని, గుంపుల మధ్య మాత్రం ఈ రెండూ కాకుండా ఖాళీ వదలాలని చెప్పింది. శాస్త్ర పత్రికలలో 9 460 730 472 580 అని కనిపించడానికి కారణం ఇదే.

మార్పిడి

ఇంగ్లీషు నుండి తెలుగులోకి మార్చేటప్పుడు మిలియన్లను 10తో హెచ్చిస్తే లక్షలు, బిలియన్లను 100తో హెచ్చిస్తే కోట్లు వస్తాయి. ట్రిలియను అంటే నేరుగా లక్ష కోట్లు. 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 8 బిలియన్లకు చేరినట్లు ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. అది 800 కోట్లు. దీనిని 80 కోట్లు అని వ్రాస్తే భారతదేశ జనాభా కంటే ప్రపంచ జనాభా తక్కువైపోతుంది. మార్చిన తర్వాత ఇటువంటి తెలిసిన సంఖ్యతో ఒకసారి పోల్చి చూసుకోవడం మేలు. అంకెలలో ఉన్న సంఖ్యనైతే ఉన్న కామాలన్నీ తీసివేసి, కుడి నుండి మూడు, రెండు, రెండు చొప్పున మళ్ళీ పెట్టడం ఒక్కటే నమ్మదగిన దారి.

పేర్లు చాలనప్పుడు

విజ్ఞాన శాస్త్రంలో పేర్ల బాధ లేకుండా పది యొక్క ఘాతాలతో వ్రాస్తారు. అవొగాడ్రో సంఖ్య 6.02214076 × 10²³. తెలుగులో చెప్పాలంటే సుమారు 602 కోటి కోటి కోట్లు. కొలమానాలకు ముందు చేర్చే కిలో (10³), మెగా (10⁶), గిగా (10⁹), టెరా (10¹²) వంటి ఉపసర్గలు కూడా ఘాతాలకు మారుపేర్లే. వీటికి 2022లో రోన్నా (10²⁷), క్వెట్టా (10³⁰) చేరాయి. ఇవి అన్ని భాషలలోనూ ఒకటే కనుక బిలియను తగాదా వీటికి లేదు.

ఒకటి పక్కన నూరు సున్నలు గల సంఖ్యకు గూగోల్ అని పేరు. అమెరికను గణితవేత్త ఎడ్వర్డ్ కాస్నర్ మేనల్లుడైన తొమ్మిదేళ్ళ మిల్టన్ సిరోటా ఈ పేరు పెట్టాడు. 1940లో వెలువడిన పుస్తకం ద్వారా ఇది లోకానికి తెలిసింది. గూగుల్ సంస్థ పేరుకు మూలం ఇదే. మన లెక్కలో గూగోల్‌ను చెప్పాలంటే "వంద" అని, దాని తర్వాత "కోటి" అన్న మాటను పద్నాలుగు సార్లు పలకాలి.

అంతకు మించిన సంఖ్యలకు ఘాతం తప్ప వేరే వ్రాత లేదు. 2024 అక్టోబరులో బయటపడిన ప్రధాన సంఖ్య, 2ను 13,62,79,841 సార్లు గుణించి ఒకటి తీసివేస్తే వచ్చేది. దానిలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. పుటకు మూడు వేల అంకెల చొప్పున అచ్చువేస్తే 13 వేల 600 పుటలు దాటుతుంది. కామాలు పెట్టదలచుకుంటే, భారతీయ పద్ధతిలో రెండు కోట్లకు పైగా, పాశ్చాత్య పద్ధతిలో కోటీ ముప్పై ఆరు లక్షలకు పైగా కామాలు పడతాయి.